వెళ్లిన కరెంటు తిరిగి రాకపోతే: ఆరేళ్ల తర్వాత మా ఆర్‌సీసీబీ గురించి

టెక్కలిలో మా ఇంటికి ఆర్‌సీసీబీ (కరెంటు ఎక్కడైనా లీకైతే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్చి) పెట్టించింది 2018 చివర్లో, తిత్లీ తుఫాను వెళ్లాక. గోడలన్నీ చెమ్మెక్కిపోయి పాత వైరింగు మార్చక తప్పలేదు. దాని ధర ఎంత, ఎన్ని ఆంపియర్లది తీసుకోవాలి లాంటివి షాపులో అడిగితే చెప్తారు, వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది అది చేసే ఒక్క పని గురించే. ఫేజులో ఇంట్లోకి వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని అది లెక్క చూస్తుంది. ఆ లెక్క తప్పుతోందని నిరుడు వానాకాలంలో గట్టిగా నమ్మాను. తప్పలేదు.

గీజరు కరెంటు తినేస్తోంది, ఫ్రిజ్ కరెంటు తాగేస్తోంది అంటూంటాం. గీజరులోకి వెళ్లిన విద్యుదావేశంలో రవ్వంత కూడా తగ్గదు. ఖర్చయ్యేది శక్తి, యూనిట్ల లెక్కన బిల్లు కట్టేది దానికే. ఇంటర్ చదివే మా అమ్మాయి దీన్నే విద్యుదావేశ నిత్యత్వం అంటుంది. తీగలు కలిసేచోటికి వచ్చే కరెంటూ అక్కడి నుంచి పోయే కరెంటూ సమానమని కిర్కాఫ్ 1845లో, ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే చెప్పాడట. ఇంట్లోకి వచ్చేది ఏసీ కాబట్టి ఎలక్ట్రాన్లు ఉన్నచోటే సెకనుకు 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతాయి. అయినా ఏ క్షణంలో చూసినా ఫేజులో ఎంతో న్యూట్రల్‌లోనూ అంతే, ఎదురు దిశలో. ఆర్‌సీసీబీ లోపల ఆ రెండూ ఒకే లోహపు కడియంలోంచి పోతాయి కనుక ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని రెండోది కొట్టేస్తుంది. తేడా వస్తే కడియానికి చుట్టిన మరో తీగ చుట్టలో చిన్న కరెంటు పుట్టి స్విచ్చి పడిపోతుంది. మాది 30 మిల్లీ ఆంపియర్లది, అంటే తేడా అంతకు చేరితే పడిపోవాల్సిందే.

పెట్టించిన రెండో ఏడు గీజరు కాయిలు చిట్లింది. అమ్మ చెప్పులు విప్పి, తడి నేల మీద నిలబడి కుళాయి పట్టుకుంది. ఇల్లంతా చీకటి. "సెయ్యి జివ్వుమందిరా" అంది, అంతే. ఆ రోజు నుంచి చుట్టాలిళ్లకు ఎక్కడికి వెళ్లినా ఇది పెట్టించుకోమని చెప్పేవాణ్ని. ఇదుంటే ఇక షాక్ భయమే లేదని కూడా అనేవాణ్ని. ఆ మాట గురించి కింద మళ్లీ రాస్తాను.

నిరుడు జూలైలో మొదలైంది అసలు గొడవ. దీపాల వేళ దాటాక ఎప్పుడో ఒకప్పుడు ఆర్‌సీసీబీ పడిపోయేది. రోజూ కాదు. ఒక రోజు ఏడింటికి, ఇంకో రోజు తొమ్మిదికి, తర్వాత రెండు రోజులు ఏమీ ఉండదు. వాన పడ్డ రోజుల్లో ఎక్కువ. అమ్మ వంటింట్లోంచి "ఏటిరా, మళ్లీ పోనాదేటి?" అని అడగడం, నేను ఫోను లైటుతో వెళ్లి పైకెత్తడం. మొదట వాన చెమ్మ అనుకున్నాను. తర్వాత ఫ్రిజ్ అనుకున్నాను. ప్లగ్గు తీసేస్తే ఆ రాత్రి పడలేదు కూడా. మర్నాడు ఫ్రిజ్ తీసి ఉన్నా పడింది, వాషింగ్ మెషిన్ తిరుగుతున్నప్పుడు. పాతబడి చెడిపోయిందేమోనని కొత్తది కొని మార్పించాను. మూడో రోజు అదీ పడింది.

అప్పుడు మా నాన్నకు తెలిసిన ఒక పెద్ద ఎలక్ట్రీషియన్ని పిలిచాం. ఆయన ముందు పాతదీ కొత్తదీ రెంటికీ టీ బటన్ (పరీక్షించడానికి దాని మీదే ఉండే టెస్ట్ బటన్) నొక్కి చూశాడు. రెండూ టక్కున పడ్డాయి. "ఇయి పాడవనేదు బాబూ" అన్నాడు. తర్వాత ఒక్కో ఎంసీబీ (ఓవర్‌లోడ్ అయితే పడే స్విచ్చి) దించుకుంటూ, ఒక్కో స్విచ్చి వేసుకుంటూ గంటన్నర కూర్చున్నాడు. ఆఖరికి మెట్ల దగ్గర స్విచ్చి బోర్డు విప్పాడు. నల్ల తీగను, అంటే న్యూట్రల్‌ను, టెస్టర్‌తో తట్టి, అది ఎటు పోతోందో వేలితో గోడ వెంట చూపిస్తూ పైదాకా ఎక్కాడు.

మేడ మీద పోర్షను కట్టింది నిరుడు వేసవిలోనే. దానికి వేరే మీటరు, వేరే మెయిను. మెట్ల మీద 3 వాట్ల చిన్న ఎల్ఈడీకి ఫేజు మా కింది బోర్డు నుంచి ఇచ్చి, దగ్గరగా ఉందని న్యూట్రల్ మేడ మీద లైను నుంచి కలిపారు. లైటు బాగానే వెలిగింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మా ఆర్‌సీసీబీ గుండా వెళ్లిన ఆ కాస్త కరెంటు మేడ మీద న్యూట్రల్ పట్టుకుని స్తంభానికి చేరుకునేది. ఎక్కడా మాయం కాలేదు, మా దారిన రాలేదంతే. ఆ పెద్దాయన చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మేతకెల్లిన దూడ మన సాలకి రానేదంటే సచ్చిపోనాదని కాదు కదా బాబూ, ఎవుల సాల్లోకో ఎల్లుంటాది."

మరి రోజూ ఎందుకు పడలేదు? రాత్రి కూర్చుని అమ్మాయీ నేనూ లెక్కేశాం. 3ని 230తో భాగిస్తే 13 మిల్లీ ఆంపియర్లు. చవక ఎల్ఈడీలు అంతకన్నా ఎక్కువే తీసుకుంటాయి. ఆర్‌సీసీబీ మీద 30 అని రాసి ఉన్నా, 15 దాటాక ఎక్కడైనా పడవచ్చు. అంటే మెట్ల లైటు వేయగానే గట్టు దాకా నిండిన చెరువులా ఉండేది. దాని మీద ఫ్రిజ్ నుంచి, వాషింగ్ మెషిన్ నుంచి ఎర్తులోకి పోయే రెండు మూడు మిల్లీ ఆంపియర్లు, వాన రోజున గోడ చెమ్మలోంచి ఇంకొంచెం. ఏది తోడైతే అది గట్టు తెంచేది. నేను అనుమానించినవన్నీ కొంత కొంత కారణమే. నాకు బాగా ఆనందం కలిగింది ఇక్కడే. న్యూట్రల్ మా బోర్డుకు మార్చాక ఈ రోజు వరకు అకారణంగా ఒక్కసారి పడలేదు.

ఆ తీగ అలాగే ఉండిపోయుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మేడ మీద మెయిను పూర్తిగా ఆపి ఎవరైనా పని చేస్తుంటే, మా మెట్ల లైటు గుండా వెళ్లి ఆ న్యూట్రల్ తీగలో కరెంటు ఉంటుంది. ఆపేశాం కదా అని ముట్టుకున్న మనిషికి తగులుతుంది.

ఇక చుట్టాలకు నేను చెప్పిన మాట. షాక్ భయమే లేదనడం తప్పు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే, కాళ్లు నేలకు తగలకపోతే, ఒంట్లోంచి వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లోకే వస్తుంది. లెక్క సరిపోయింది కాబట్టి ఆర్‌సీసీబీ కదలదు. దానికి మనిషీ బల్బూ ఒకటే. ఓవర్‌లోడ్ సంగతీ దీనికి పట్టదు, ఎంసీబీలు ఉండాల్సిందే. ఫోన్ చేసి అందరికీ ఈ మాట చెప్పాను.

మా ఇంట్లో పెద్దవాళ్లున్నారు, గోడలు వానకు చెమ్మెక్కుతాయి, పిల్లలు తడి చేతుల్తో తిరుగుతారు. కాబట్టి మాకు ఇది లేకుండా కుదరదు. అద్దె ఇంట్లో, నాలుగు పోర్షన్ల న్యూట్రళ్లు కలగలిసి ఉన్నచోట పెడితే మాత్రం రోజూ పడి విసుగు తెప్పిస్తుంది. ముందు తీగలు విడదీయించాలి, ఆ ఖర్చు ఓనరు పెట్టుకుంటాడో లేదో. ఇన్వర్టరు ఉన్నవాళ్లు దాని న్యూట్రల్ ఎటు కలిపారో పెట్టేముందే అడగండి. నేను నెల మొదట్లో ఒకసారి టీ బటన్ నొక్కి చూస్తాను. అప్పుడు తీసేసిన పాతది పారేయలేదు, మేడ మీద పోర్షనుకు పెట్టించాను. అది కూడా ఈ నెల నొక్కగానే పడింది.