క్రేప్ పేపర్ పూలు: పిల్లలతో కొన్నేళ్లు వాడాక

పిల్లలతో కాగితం పూలు చేయించాలనుకునే వాళ్లు ముందు కిట్టు కొంటారు. నా మాట వింటే దాని జోలికి పోవద్దు. రేకులు ముందే కత్తిరించి ఉంటాయి, పిల్లలకు అతికించే పని ఒక్కటే మిగులుతుంది. అదే డబ్బుకు మా తిరుపతి గాంధీ రోడ్డు షాపుల్లో రకరకాల రంగుల క్రేప్ పేపర్, అంటే సన్నటి ముడతలుండే కాగితం, వస్తుంది. మా ఇద్దరు పిల్లలూ, పక్క పోర్షన్ పిల్లలూ కొన్నేళ్లుగా సెలవులొస్తే దాంతోనే కూర్చుంటున్నారు.

క్రేప్ పేపర్ గొప్పతనమంతా ఆ సన్నటి ముడతల్లోనే ఉంది. ముడతలకు అడ్డంగా లాగితేనే అది సాగుతుంది. కాబట్టి రేకు కత్తిరించేటప్పుడు ముడతలు కింది నుంచి పైకి నిలువుగా ఉండాలి. రేకు నడుమ రెండు బొటనవేళ్లు ఆనించి మెల్లగా పక్కలకు లాగితే గుంటపడి చిన్న దొప్పలా అవుతుంది. పై అంచును పెన్సిలుకు చుట్టి వదిలితే గులాబీ రేకు వెనక్కి వంగుతుంది. మా చిన్నది ఈ గుంట తీయడం పట్టేసింది. అప్పటి నుంచి కత్తెర అక్కది, గుంటలు తనవి. మామూలు కలర్ పేపర్‌తో ఇది కుదరదు, చిరుగుతుంది.

180 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) ఉండే దళసరి ఇటాలియన్ క్రేప్ కూడా ఆన్‌లైన్‌లో తెప్పించి చూశాను. పువ్వు నిలబడే తీరే వేరు, ఒప్పుకోవాల్సిందే. కానీ ధర ఎక్కువ, పిల్లల మొద్దు కత్తెరకు మడతపెట్టి కోస్తే తెగదు. పిల్లల చేతికిచ్చే కాగితం చవకదే అయ్యుండాలి. లేకపోతే పక్కన కూర్చుని ‘జాగ్రత్త, జాగ్రత్త’ అంటూ మనకే టెన్షన్.

మొదట బంతిపువ్వు చేయించండి. ముడతలకు అడ్డంగా పొడుగ్గా, నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ కోయాలి. ఒక అంచున ముడతల వెంబడి సగం దాకా సన్నగా గాట్లు పెట్టి, చీపురు పుల్లకు చుట్టి, కింద పూలదారంతో బిగిస్తే చాలు. గాట్లను వేళ్లతో విప్పదీస్తే ముద్దబంతే. కాడలకు అమ్మే తీగల్లో నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, 18 లావు, 26 సన్నం. ఏదైనా కొసలు గుచ్చుకుంటాయి కాబట్టి చిన్నపిల్లలకు చీపురు పుల్లే నయం. కాడలకు చుట్టే గ్రీన్ టేప్ కూడా వాళ్లకు కుదరదు. లాగుతూ చుడితేనే అది అంటుకుంటుంది, వాళ్లేమో ఊరికే చుట్టి ‘ఇది పాడైపోయిందమ్మా’ అని పడేస్తారు. ఆకుపచ్చ క్రేప్ పట్టీకి ఫెవికాల్ రాసి చుట్టిస్తే సరి.

ఇక తలనొప్పులు. ఫెవికాల్ తడి తగిలితే ఎరుపు దిగుతుంది. వేళ్లకంటింది కడిగితే పోతుంది కానీ గౌనుకంటింది పోదు. ఎండ పడే కిటికీలో పెడితే రంగు వెలిసిపోతుంది. అన్నిటికన్నా పెద్ద బెడద తేమ. మా తిరుపతిలో గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే కదా. తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు పిల్లలు తామరపూలు చేస్తే తెల్లారేసరికి రేకులన్నీ వాలిపోయాయి. ఎండాకాలంలో చేసినవి నెలల తరబడి అలాగే ఉంటాయి. వానాకాలంలో రెండు పొరలు కలిపి అతికించి, బాగా ఆరాక రేకులు కోస్తే కొంత ఆగుతాయి.

మల్లెలు, కనకాంబరాలు టిష్యూ పేపర్‌తో చేసి, దారంతో మాల కట్టి మూర లెక్కన అమ్మే ఆట మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. తిరుమల కొండ మీద పూలన్నీ స్వామికే, ఎవరూ తలలో పెట్టుకోరని మా అత్తయ్య చెబితే, ‘కాగితం పూలైతే పెట్టుకోవచ్చా నాయనమ్మా?’ అని అడిగింది చిన్నది. ఆవిడ ఇంతవరకూ జవాబు చెప్పలేదు.

అయిదుకు నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటీ రంగు దిగుతున్నందుకు కోత. కొనేటప్పుడు ఎరుపు తగ్గించి పసుపు, నారింజ ఎక్కువ తీసుకోండి. ఆకుపచ్చ మాత్రం రెండింతలు ఉండాలి, ఆకులకూ కాడలకూ అదే కాబట్టి ముందు అయిపోయేది అదే.