క్యూటీఐతో ఆరేళ్లు: ప్రశ్నతో పాటే వచ్చే మార్కుల లెక్క

చిక్కడపల్లిలోని మా చిన్న కార్యాలయం నుంచి పోటీ పరీక్షల శిక్షణ సంస్థలకు ప్రశ్నలు అందించే వెబ్ సర్వీసును ఆరేళ్లుగా క్యూటీఐ 2.1 (ప్రశ్నలను, పరీక్షలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి పంపే ఫైలు ప్రమాణం) మీద నడుపుతున్నాము. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ ప్రమాణంలో నన్ను సంతోషపెట్టే అంశం ఒక్కటే: ప్రశ్న ఎక్కడికి వెళ్తే దాని మార్కుల లెక్క కూడా అక్కడికే వెళ్తుంది.

అంతకుముందు మా ప్రశ్నలన్నీ ఎక్సెల్ షీట్లలో ఉండేవి. తప్పు జవాబుకు పావు మార్కు కోత అనే నియమం మాత్రం పరీక్ష నడిపే వారి సాఫ్ట్‌వేర్‌లో ఉండేది కనుక, ప్రతి కొత్త సంస్థకూ దాన్ని ఫోనులో వివరించాల్సి వచ్చేది. ఒకసారి, జవాబు రాయకుండా వదిలేసిన ప్రశ్నలకు కూడా పావు మార్కు కోసి ఫలితాలు ప్రకటించారు. క్యూటీఐలో ఆ లెక్క ప్రశ్న ఫైలులోనే ఉంటుంది: మార్కుల పట్టికలో సరైన ఐచ్ఛికానికి 1, ఆ పట్టికలో లేని దేనికైనా -0.25, అసలు జవాబే లేకపోతే 0. ఐచ్ఛికాల వరుస మార్చినా ‘పైవన్నీ’ అన్నది చివరి స్థానంలోనే నిలిచేలా ‘ఫిక్స్‌డ్’ అని ఒక్క మాట రాస్తే సరిపోతుంది. అది నాలుగింటిలో మొదటిదిగా కనిపించి అభ్యర్థులు తికమకపడిన రోజులు చూసినవాడిని కనుక, దాని విలువ నాకు తెలుసు.

ఇక ఏ ప్లేయర్‌లోనైనా (ప్రశ్నను తెరిచి, జవాబు తీసుకుని మార్కులు వేసే సాఫ్ట్‌వేర్) ఫలితం ఒకేలా వస్తుందని మొదటి ఏడాదిలో అందరికీ నమ్మకంగా చెప్పాను. ఆ మాటను బహుళైచ్ఛిక ప్రశ్నల వరకే పరిమితం చేసుకోవలసిన పరిస్థితి రెండేళ్ల క్రితం వచ్చింది.

మూసీ దక్షిణ ఒడ్డున 1591లో వెలసిన నగరం పేరు రాయమనే ఖాళీ పూరించే ప్రశ్న అది. ఒక అమ్మాయి ‘హైదరాబాద్’ అని టైపు చేసింది, సున్నా వచ్చింది. వాళ్ల మాస్టారు పంపిన స్క్రీన్‌షాట్‌లో మా కీ (సరైన జవాబు), ఆమె జవాబు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. ఆ అమ్మాయి ఎక్కడో స్పేస్ కొట్టి ఉంటుందని ముందు అనుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంది. రెండు పదాలనూ యూనికోడ్ సంకేతాలుగా (కంప్యూటర్‌లో ఒక్కో అక్షర భాగానికి ఉండే సంఖ్యలు) విడదీసి చూస్తే, ఆమె పదంలో 9 ఉన్నాయి, మా కీలో 10 ఉన్నాయి. తేడా ‘హై’లో ఉంది. ఆమె కీబోర్డు ఐత్వాన్ని ఒకే సంకేతంగా ఇచ్చింది. మా కీలో మాత్రం ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు, రెండు వేర్వేరు సంకేతాలుగా ఉన్నాయి. ఆ ప్రశ్నలు డీటీపీ వారు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసినవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చిన కన్వర్టర్ ఐత్వాన్ని అలా విడగొట్టి వదిలింది. క్యూటీఐ పోలిక సంకేతాలను ఉన్నవి ఉన్నట్టుగా సరిచూస్తుంది కనుక, మన కంటికి ఒక్కటైన పదాలు దానికి రెండయ్యాయి.

నాలుగు రాత్రులు కూర్చుని కీలన్నింటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే, విడివిడి సంకేతాలను ఒక్కటిగా కలిపే యూనికోడ్ రూపంలోకి మార్చాము. విద్యార్థి జవాబును కూడా లెక్కకు ముందు అదే రూపంలోకి తెస్తున్నాము. పొల్లు తర్వాత కనబడకుండా చేరే సంకేతమైన జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను ఎన్‌ఎఫ్‌సీ తొలగించదు కనుక, పదం చివర ఉంటే దాన్ని విడిగా తీసేస్తున్నాము. ‘హైదరాబాదు’ అని రాసేవారికీ మార్కు దక్కేలా పట్టికలో రెండో వరుస చేర్చాము. పాత జవాబులన్నీ మళ్లీ దిద్దాక ఆ అమ్మాయికి రావలసిన మార్కు వచ్చింది.

అయితే ఈ శుద్ధి మా సర్వీసులోనే జరుగుతుంది. ప్రశ్నల ఫైళ్లున్న అదే జిప్ ప్యాకేజీని మరొకరి ప్లేయర్‌లో తెరిస్తే, విద్యార్థి జవాబును వాళ్లు సరిచేస్తారన్న హామీ లేదు. మూడిల్ అనే బోధనా సాఫ్ట్‌వేర్ వాడే కళాశాలల కోసం దాని సొంత ఎక్స్‌ఎంఎల్‌లోకి మార్చే సర్వీసు కూడా మేమే రాసుకోవలసి వచ్చింది. 2022లో వచ్చిన క్యూటీఐ 3.0లో ట్యాగుల పేర్లే మారాయి; ఇద్దరు ప్రోగ్రామర్లతో అంత ప్రశ్నల నిధిని మార్చే ధైర్యం మాకు ఇంకా రాలేదు.

ఒకే సంస్థకు, ఒకే యాప్‌లో పరీక్ష పెట్టేవారికి ఇంత శ్రమ అవసరమని నేను అనను. మాలాగా ఒకే ప్రశ్నను పలు చోట్లకు పంపేవారికైతే, బహుళైచ్ఛిక ప్రశ్నల వరకు దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. తెలుగులో జవాబు టైపు చేయించే ప్రశ్నలను మాత్రం బయటి ప్లేయర్లకు పంపడం మానేశాము; అవి మా సర్వర్‌లోనే తెరుచుకుంటాయి, దిద్దుబాటు అక్కడే జరుగుతుంది, సంస్థకు మార్కు మాత్రమే వెళ్తుంది.