శ్రీకాకుళం మార్కెట్ దగ్గర వలల కొట్టు: ఎన్ని హుక్కులు కావాలో లెక్క కట్టి మరీ ఇస్తారు

గేలం వేసేవాళ్లలో చాలామందికి సరిగ్గా తెగని లెక్క ఒకటుంది, వెళ్లేటప్పుడు ఎన్ని హుక్కులు, ఎన్ని సీసం గుండ్లు పట్టుకెళ్లాలి అని. నాకు ఆ లెక్క నేర్పింది శ్రీకాకుళం పెద్ద మార్కెట్ దగ్గర వలలు, నైలాన్ దారాలు అమ్మే ఒక చిన్న కొట్టు. అందుకే ఈ రివ్యూ.

ముందు జరిగింది చెప్పాలి. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటుకి నెలకి రెండు ఆదివారాలైనా వెళ్తాను, ఊరి నుంచి దాదాపు 30 కిలోమీటర్లు, తెల్లారకముందే బండి తీయాలి. మొదట్లో ఆన్‌లైన్‌లో 100 హుక్కుల డబ్బా ఒకటి కొన్నాను, పది సైజులు, సైజుకి పది. వంద ఉన్నాయి కదా, ఏడాది దాకా చూసుకోనక్కర్లేదు అనుకున్నాను. తీరా అక్కడికి వెళ్లాక అందులో ఆ నీటికి పనికొచ్చేవి రెండే సైజులు, అంటే ఇరవై. మిగతావన్నీ కాలవలో చిన్న చేపలకి వాడేంత సన్నవి. అడుగున రాళ్లు, వరదకి కొట్టుకొచ్చిన కొమ్మలు ఉన్నాయి, విసిరిన ప్రతి రెండోసారీ గుండు ఇరుక్కోవడం, లాగితే హుక్కుతో సహా తెగిపోవడం. ఎనిమిదిన్నరకి పెద్ద సైజు హుక్కు ఒక్కటి కూడా లేదు. సరిగ్గా అప్పుడే పోటు మొదలై నీళ్లు ఏట్లోకి ఎగబాకుతున్నాయి, పక్కనున్నాయన వరసగా జెల్లలు తీస్తున్నారు. డబ్బాలో ఎనభై హుక్కులు పెట్టుకుని ఒట్టి చేతులతో తిరిగొచ్చాను. ఆ రోజు బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ వారమే ఈ కొట్టుకి వెళ్లి, "బాబాయ్, పెద్ద హుక్కులు ఓ యాభై ఇవ్వండి" అన్నాను. ఆయన డబ్బా తీయకుండా, "ఏ నీటికి ఎల్తన్నావు బాబూ?" అన్నారు. చెప్పాను. ఎన్ని గేలాలు, ఎంతసేపు ఉంటావు, ఎర ఏటి, అడుగు ఇసకా రాయా, అన్నీ అడిగారు. అడిగి, యాభై వద్దని ఇరవై నాలుగు కట్టారు. హుక్కు 4 రూపాయలు. యాభై అడిగినవాడికి సగం కట్టిచ్చే కొట్టువాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆయన లెక్క ఇది. ఎన్ని చేపలు పడతాయో ఊహించి హుక్కులు కొనకూడదు, ఎన్ని పోతాయో చూసి కొనాలి. రాతి అడుగైతే ఒక గేలానికి గంటకి రెండు పోతాయనుకో, రెండు గేలాలు, ఐదు గంటలు, ఇరవై అయ్యాయి, జెల్ల లోపలికంటా మింగేసినప్పుడు దారం కోసేయాల్సి వస్తుంది కాబట్టి దానికో నాలుగు. ఒట్టి ఇసక అడుగైతే మొత్తం మీద ఎనిమిది చాలు. చెరువులో కొరమీనుకి వెళ్తే ఇంకా తక్కువ, కానీ అక్కడ ముందు మత్స్యకార సొసైటీ వాళ్లని అడిగి వెళ్లమని కూడా ఆయనే చెప్పారు.

అసలు నాకు పనికొచ్చింది గుండు కట్టే పద్ధతి. ఇరుక్కునేది ఎక్కువగా సీసం గుండే, హుక్కు కాదు. అసలు దారం 0.40 మిల్లీమీటర్లది వాడితే, గుండుని మాత్రం జానెడు 0.25 దారంతో వేరేగా వేలాడదీయాలి. రాళ్లలో ఇరుక్కుంటే సన్నదారం తెగి గుండొక్కటే పోతుంది, హుక్కు, దానికి చేప ఉంటే చేప కూడా, చేతికొస్తాయి. అందుకని గుండ్లు హుక్కులకంటే ఎక్కువ పట్టుకెళ్లాలి. ఇలా కట్టడం మొదలుపెట్టాక ఒక ఉదయానికి నాకు పది హుక్కులు మించి పోవడం లేదు.

సైజుల గొడవ కూడా అక్కడే తేలింది. ఆరో నంబరు కంటే రెండో నంబరు పెద్దది, ఒకటి దాటాక 1/0, 2/0 అని మళ్లీ పైకి పెరుగుతాయి. ఏటి మొగకి నేను 1/0 వాడుతున్నాను. నార్వే కంపెనీ ముస్టాడ్ హుక్కులు కూడా ఉంటాయి, రేటెక్కువ, మొన మాత్రం చాలాసేపు నిలుస్తుంది.

ఎక్కువ పట్టుకెళ్తే పోయేదేముంది అని అడగొచ్చు. ఉప్పునీళ్ల తడి ఒక్కదానికి తగిలినా డబ్బా మొత్తం తుప్పు పడుతుంది. మా తాత కూడా ఇదే చెప్పేవాడు. 1972 వన్యప్రాణి చట్టం రాకముందు ఆయనకి లైసెన్సు ఉన్న ఏకనాళి తుపాకీ ఉండేది, కొండకి వెళ్లేటప్పుడు ఐదు తూటాలకి మించి పట్టుకెళ్లేవాడు కాదట. అప్పటివి అట్ట తూటాలు, మంచుకి, చెమటకి తడిస్తే ఉబ్బిపోయి నాళంలోకి దూరవు. పది తీసుకెళ్తే వాడని ఐదూ పాడైపోయేవి, పైగా తూటాలు ఎక్కువుంటే దూరం నుంచే కాల్చేస్తారు, జంతువు గాయంతో పారిపోతుంది అనేవాడు. చేతిలో హుక్కులు ఎక్కువున్న రోజు నేనూ అలాగే కనిపించిన ప్రతి రాళ్లగుంటలోకీ విసిరేవాణ్ణి. ఇప్పుడు చూసి విసురుతున్నాను.

ఇక కొట్టులో లోపాలు. హుక్కులు కాగితంలో చుట్టి ఇస్తారు, సైజు రాయరు, ఇంటికొచ్చాక మనమే రాసుకోవాలి. స్వివెల్స్ (దారం మెలిపడకుండా మధ్యలో కట్టే, తిరిగే చిన్న లోహపు కొక్కేలు) మాత్రం అక్కడ కొనకండి, నేను కొన్న ఆరింటిలో రెండు మొదటి పెద్ద లాగుడికే విచ్చుకున్నాయి, అందులో ఒకదానికి మంచి పండుగప్ప పోయింది. గుండ్లు ఒకే బరువు అని ఇచ్చినా తేడాలుంటాయి, కాస్త తూకం చూసి ఏరుకోండి. పొద్దున్న తొమ్మిదికి గానీ తెరవరు కాబట్టి ముందురోజు సాయంత్రమే వెళ్లాలి. ఫోన్‌పే తీసుకుంటారు.

ఒక మాట, తెగిన నైలాన్ దారం చేతికొచ్చినంతా చుట్టి ఇంటికి తెచ్చేయండి. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఇసకలో వదిలిన దారం వాటి కాళ్లకి చుట్టుకుంటుంది. బాబాయ్ ఆ పాత దారం కూడా తీసుకుని పక్కన సంచిలో వేసుకుంటారు. మిగిలిన హుక్కులు తుప్పు లేకుండా తెచ్చిస్తే సైజు మార్చి ఇస్తారు, పోయిన వారం ఆరు అలాగే మార్చుకున్నాను.