అరకు, లంబసింగి కారు కిరాయి: డబ్బు పోయేది రేటు దగ్గర కాదు

విశాఖలో అరకుకు కారు మాట్లాడేవాళ్లు మొదట అడిగేది "కిలోమీటరుకు ఎంత?" అని. పన్నెండా పదమూడా అంటూ ఆ ఒక్క రూపాయి మీదే బేరమంతా నడుస్తుంది. ఈ దారిలో జేబుకు చిల్లు పడేది మాత్రం మినిమం కిలోమీటర్ల దగ్గర.

ఊరు దాటే బండికి ట్రావెల్స్ వాళ్లు సాధారణంగా రోజుకు 250 లేదా 300 కిలోమీటర్లు కనీసంగా లెక్కేస్తారు. తిరిగినా తిరగకపోయినా అంత బిల్లు కట్టాల్సిందే. హైదరాబాద్ నుంచి తిరుపతికి వెళ్లేవాళ్లకు ఈ షరతు తగలదు, ఒక్కరోజులోనే దాన్ని దాటేస్తారు. కొండల్లో దూరాలు తక్కువ, గంటలు ఎక్కువ. విశాఖ నుంచి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. అరకు నుంచి పాడేరుకు 45 దాకా ఉంటుంది. పాడేరు నుంచి చింతపల్లి మీదుగా లంబసింగికి మరో 60. అక్కణ్నుంచి నర్సీపట్నం దిగి విశాఖ చేరడానికి 125 వరకు. బొర్రా గుహలకు పక్కదారి పట్టడం, చాపరాయి జలపాతం, వంజంగి కొండ, ఊళ్లో తిరుగుళ్లు కలిపి ఇంకో 70 వేసుకున్నా మొత్తం 420 దాటదు. మూడు రోజులకు రోజుకు 300 చొప్పున బిల్లు మాత్రం 900 కిలోమీటర్లకు వస్తుంది. తిరిగినదానికంటే తిరగనిదానికే ఎక్కువ కడుతున్నామన్నమాట.

అందుకే రెండు మూడు రోజుల కొండ ప్రయాణానికి "రోజు కిరాయి ఇంత, ఆయిల్ (పెట్రోలు, డీజిల్) మాది" అనే పద్ధతిలో మాట్లాడుకోవడం మేలు. లెక్క తెలియడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. కిలోమీటరుకు 13 రూపాయలైతే 900కి 11,700. డ్రైవర్ భోజనానికి, ఖర్చులకు ఇచ్చే బత్తా రోజుకు 400 చొప్పున 1,200. మొత్తం 12,900. అదే చిన్న కారుకు రోజు కిరాయి 2,000 అనుకుంటే మూడు రోజులకు 6,000. ఘాట్‌లో నిండు మనుషులతో లీటరుకు 14 కిలోమీటర్లు వస్తే 420కి 30 లీటర్లు. లీటరు 110 చొప్పున 3,300. బత్తా అదే 1,200. మొత్తం 10,500. తేడా 2,400. సీజన్‌ను బట్టి అంకెలు మారతాయి కానీ తేడా వచ్చే చోటు మారదు. తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి దిగిపోయే ఒక్కరోజు అరకు ప్రయాణమైతే దూరం 270 దాకా వస్తుంది కాబట్టి అప్పుడు కిలోమీటరు లెక్కే న్యాయంగా ఉంటుంది.

ఆయిల్ మనదైనప్పుడు ట్యాంకు లెక్క తేల్చుకోకపోతే ఆ మిగులు కూడా మిగలదు. బండి తరచూ రిజర్వ్‌లో వస్తుంది. మనం ఫుల్ ట్యాంక్ కొట్టిస్తాం. చివర్లో పది లీటర్లు మిగిలితే అది ఓనర్‌కే పోతుంది. బయల్దేరే ముందు ఓనర్ ఖర్చుతోనే ఫుల్ చేయించి, తిరిగొచ్చాక అదే బంకులో గన్ దానంతట అది ఆగేదాకా కొట్టించడం అన్నిటికంటే తేలిక. అలా కుదరకపోతే ఆయిల్ మీటరు ముల్లు ఎక్కడుందో ఫొటో తీసుకుని, దించేటప్పుడు అక్కడికే తెస్తామని చెప్పాలి.

సీఎన్జీ బండి గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు చిన్న ట్యాక్సీల్లో చాలావరకు అవే. "గ్యాస్ బండి సార్, ఖర్చు సగం" అంటారు. మైదానంలో ఖర్చు తగ్గే మాట నిజమే. కొండ మీద సీఎన్జీ దొరకదన్న లెక్కతోనే బయల్దేరాలి. కింద నింపిన గ్యాస్ ఎక్కుడు దారిలో తొందరగా తరిగిపోతుంది, ఆపైన బండి పెట్రోలు మీదే నడుస్తుంది. కిలోమీటరు రేటుకు మాట్లాడిన డ్రైవర్ కూడా అరకులో "పెట్రోలుకు ఎక్స్‌ట్రా ఇవ్వండి" అని అడగడం మామూలే. ఆ మాట ముందే తేల్చుకోవాలి. ఇంకో చిక్కు డిక్కీది. సిలిండర్ పోగా చాలా బండ్లలో రెండు చేతి సంచులకు మించి పట్టవు. నలుగురు పెద్దవాళ్లు, నాలుగు సూట్‌కేసులు అంటే ఒక సూట్‌కేసు ఒళ్లోకి వస్తుంది, లేదా పెద్ద బండికి మారాల్సొస్తుంది. ఏడు సీట్ల బండిలోనూ మూడో వరుసలో మనుషులు కూర్చుంటే వెనక సామానుకు చోటు నామమాత్రమే. ఆరుగురుంటే పైన క్యారియర్ ఉన్న బండినే అడగాలి.

రోజు అన్న మాటకు ట్రావెల్స్ వాళ్ల దగ్గర వేరే అర్థం ఉంది. మనం ఎక్కిన గంట నుంచి 24 గంటలు కాదు, అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. రాత్రి తొమ్మిదింటికి స్టేషన్‌లో దిగి, మాట్లాడుకున్న కారునే రమ్మని హోటల్ దాకా వెళ్తే ఆ అరగంటకు ఒక పూర్తి రోజు పడుతుంది. ఆ రాత్రికి ఆటో చాలు, కారును మర్నాడు పొద్దున్నే రమ్మనాలి. మీటర్ కూడా వాళ్ల షెడ్డు దగ్గర మొదలై షెడ్డు దగ్గర ముగుస్తుంది. గాజువాకలో ఉండే బండిని మధురవాడకు పిలిపించుకుంటే రానూపోనూ దూరం మన ఖాతాలోనే పడుతుంది. దగ్గర్లో ఉన్న బండిని వెతుక్కుంటే ఆ ఖర్చు తగ్గుతుంది.

బస విషయానికొస్తే, చాలామంది రెండు రాత్రులూ అరకులోనే ఉండి, రెండోరోజు తెల్లవారుజామున మూడింటికి లేచి వంజంగి మేఘాలు చూడ్డానికి పాడేరు వైపు పరుగెడతారు. ఇందులో మూడు నష్టాలున్నాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు మధ్య బండి కదిలితే చాలాచోట్ల నైట్ చార్జీ వేరే వేస్తారు. పాడేరు దాకా ఒక 45, అరకుకు తిరిగొస్తే మరో 45 కిలోమీటర్లు. అన్నిటికంటే ముఖ్యం, డిసెంబర్ మంచులో ఎదుటి మలుపు కనపడదు. మొదటి రాత్రి అరకు, రెండో రాత్రి పాడేరు పెట్టుకుంటే వంజంగి కొండ అడుగు పది కిలోమీటర్ల లోపే. పైదాకా మన కారు వెళ్లదు. కింద ఆపి స్థానిక జీపు గానీ ఆటో గానీ ఎక్కాలి, చివరి భాగం నడకే. ఆ జీపు కిరాయి మనిషికా, బండికా అన్నది ఎక్కకముందే అడగాలి. అరకులో టూరిజం వాళ్ల హరిత వ్యాలీ రిసార్ట్, మయూరి రెండూ ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి ట్రైబల్ మ్యూజియానికి, పద్మాపురం గార్డెన్స్‌కి కారు అక్కర్లేదు. ఊరికి దూరంగా చౌకగా దొరికిన రూములో మిగిలింది ప్రతి పూటా భోజనానికి తిరిగే ఆయిల్‌కు పోతుంది. పాడేరు లాడ్జీలు సాదాసీదాగా ఉంటాయి. వేడినీళ్లు ఏ టైంలో ఇస్తారో అడిగితే చాలు.

గది మాట్లాడేటప్పుడే డ్రైవర్‌కు పడుకోడానికి చోటుందా అని కనుక్కోండి. అరకు చలిలో రాత్రంతా కారు సీట్లో ముడుచుకుని పడుకున్న మనిషి చేతిలోనే మర్నాడు మన పిల్లల ప్రాణాలుంటాయి. రెండు మూడొందలు పెట్టి డార్మిటరీలో ఒక మంచం ఇప్పించడం ఈ ప్రయాణంలో తగ్గించుకోకూడని ఖర్చు.

ఏసీ మాట కూడా అలాంటిదే. ఘాట్‌లో ఏసీ ఆపేస్తామని చాలామంది ముందే చెబుతారు. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కకుండా ఆపితే పేచీ పెట్టక్కర్లేదు. అయితే మంచులో అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేస్తే ఏసీ గాలి అద్దం మీదికి తిప్పితేనే తొందరగా తేటపడుతుంది. ఆ సమయంలో ఏసీ వేస్తారా అన్నది బేరం నాడే అడగాలి. దిగేటప్పుడు బండి రెండో గేరులో, అవసరమైతే మొదటి గేరులో ఉండాలి. ఆయిల్ ఆదా అనుకుని న్యూట్రల్‌లో వదిలే డ్రైవర్‌ను వెంటనే ఆపమనండి. బ్రేకులు కాలిన వాసనొస్తే వెడల్పున్న చోట పక్కకు తీసి ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి. చక్రం మీద నీళ్లు మాత్రం పోయకూడదు, వేడి డిస్క్ వంకరపోతుంది.

ఇద్దరు ముగ్గురే అయితే కారు మాటే వద్దు. విశాఖ నుంచి పొద్దున ఏడు లోపే బయల్దేరే కిరండూల్ రైలు యాభైకి పైగా సొరంగాలు దాటుకుంటూ పదకొండు ప్రాంతంలో అరకు చేరుస్తుంది. 2017లో మొదలైన అద్దాల విస్టాడోమ్ పెట్టెకు టికెట్లు ముందే అయిపోతాయి, మామూలు పెట్టెలోంచి కూడా లోయ బాగానే కనపడుతుంది. అరకు స్టేషన్ బయట దొరికే ఆటో గానీ జీపు గానీ సగం రోజుకు మాట్లాడుకుంటే చాపరాయి, గార్డెన్స్ అయిపోతాయి. తిరుగు ప్రయాణానికి ఆర్టీసీ బస్సుంది. మధ్యాహ్నం వేళ విశాఖకు ఖాళీగా దిగే ట్యాక్సీలూ స్టాండులో ఉంటాయి. వాటి డ్రైవర్‌కు ఎలాగూ దిగక తప్పదు కాబట్టి ఒకవైపు డ్రాప్ బేరం అక్కడ గట్టిగా ఆడొచ్చు. అదే పని విశాఖలో కూర్చుని చేస్తే ఖాళీగా పైకి వచ్చే దూరం కూడా మనమే కట్టాలి.

సెల్ఫ్ డ్రైవ్ తీసుకునేవాళ్లు ముందు నంబర్ ప్లేటు చూడాలి. అద్దెకిచ్చే సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు సొంత బండిని తక్కువకు ఇస్తామనేవాళ్లు ఊరూరా ఉన్నారు. ప్రమాదం జరిగితే, బండిని కిరాయికి తిప్పుతున్నారని ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చవచ్చు. అప్పుడు మిగిల్చిన వెయ్యి ఎందుకూ పనికిరాదు. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ తేదీలు కనపడతాయి. తాళం తీసుకునే ముందు పట్టపగలు ఒకే వీడియోగా బండి చుట్టూ తిరగాలి: నాలుగు బంపర్ మూలలు, చక్రాల రిమ్ములు, ముందు అద్దం, కింద అంచు, స్టెప్నీ, జాకీ, చివర మీటరు. డిపాజిట్లో కోత ఎక్కువగా బంపర్ కింది గీతల దగ్గరే మొదలవుతుంది. పాడేరు దారిలో జాతీయ రహదారి 516ఈ పనులు జరుగుతున్న చోట్ల కింద రాయి తగలడం తేలిక.

టోల్ కట్టాల్సిన దారైతే బండి ఫాస్టాగ్‌లో డబ్బుందా చూసుకోవాలి. ట్యాగ్ పనిచేయకపోతే జాతీయ రహదారి టోల్ ఎక్కువ పడుతుంది. అదే ప్లాజా మీదుగా 24 గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే కోస్తారు, కాబట్టి రెండుసార్లు పూర్తి టోల్ వేసిన బిల్లును ఒప్పుకోనక్కర్లేదు. ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత బండ్లకే, ట్యాక్సీలకు వర్తించదు.

బేరం కుదిరాక నోటిమాటతో వదలకుండా వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టండి: "మూడు రోజులు, 12వ తేదీ పొద్దున 6 నుంచి 14 రాత్రి వరకు. రోజు కిరాయి ఇంత. పెట్రోలు మాది, ఫుల్ టు ఫుల్. బత్తా ఇంత, నైట్ చార్జీ అందులోనే. పార్కింగ్, టోల్ మావి. పర్మిట్ మీది. జీఎస్టీ కలిపే." ఓనర్ దాని కింద "ఓకే" అని పెట్టాకే అడ్వాన్స్ పంపాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మీటరు ఫొటో డ్రైవర్ ముందే తీసి అదే నంబర్‌కు పంపితే బిల్లు నాడు వాదన ఉండదు.