ప్లస్ పవర్‌కి లేజర్ చేయించుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నాది రెండు కళ్లకూ ప్లస్ మూడు. నిరుడు ఏప్రిల్‌లో విజయవాడలో పీఆర్‌కే అనే లేజర్ ఆపరేషన్ చేయించుకున్నాను. ఆసుపత్రి పేరు అడగొద్దు, చెప్పను. "అరగంట పని సార్, వారంలో డ్యూటీకి వెళ్లిపోవచ్చు" అన్నాడు ప్యాకేజీ మాట్లాడిన కుర్రాడు. అరగంటే పట్టింది, అందులో అబద్ధం లేదు.

తేడా రెండో నెలలో తెలిసింది. రాత్రి బండి మీద వస్తుంటే ఎదురు లైట్ల చుట్టూ పిండి చల్లినట్టు తెల్లగా వలయం. హెల్మెట్ అద్దం మీద దుమ్మేమోనని బండి ఆపి కర్చీఫ్‌తో తుడిచాను. అయినా అంతే. ఇంకోచోట డాక్టరుగారు మెషీన్‌లో చూసి, కార్నియాకి, అంటే నల్లగుడ్డు ముందుండే అద్దంలాంటి పొరకి, హేజ్ (మసక) వచ్చిందన్నారు. మైనస్‌కైతే కార్నియా మధ్యలో చెక్కుతారట. ప్లస్‌కి మధ్యభాగం వదిలేసి చుట్టూ గుండ్రంగా చెక్కుతారు. నాకు మసక కూడా ఆ గుండ్రంలోనే పట్టింది. రాత్రి కంటిపాప పెద్దదయ్యేసరికి అది అడ్డొస్తోంది.

ఎండలో తిరగడం వల్ల కూడా హేజ్ పెరుగుతుందట. నాది రోజంతా మెడికల్ షాపుల చుట్టూ తిరిగే ఉద్యోగం, పైగా బెజవాడ మే నెల! నల్లద్దాలు పెట్టుకోమని ఒక్కరూ చెప్పలేదు. స్టెరాయిడ్ చుక్కలు అయిపోయాయని ఫోన్ చేస్తే "బాగానే కనిపిస్తోందిగా, ఇక వద్దులెండి" అంది రిసెప్షన్‌లో అమ్మాయి. ఆ మాట చెప్పాల్సింది డాక్టరు కదా. నేనూ అడగలేదనుకోండి.

హేజ్ రాకుండా లేజర్ అవగానే 0.02 శాతం మైటోమైసిన్ అనే మందులో తడిపిన స్పాంజిని కాసేపు కంటి మీద ఉంచుతారు. నాకు పెట్టారా లేదా? డిశ్చార్జి కాగితంలో ఆ ఊసే లేదు. ఫైలు చూసి చెప్తామన్నారు, నాలుగు నెలలైంది. మీరైతే ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

కంట్లో చుక్కలేసి, కండరం సడలాక పవర్ చూశారో లేదో కూడా గమనించండి. ప్లస్ వాళ్లకి, అందులోనూ వయసులో ఉన్నవాళ్లకి, కొంత పవర్ కంటి కండరం వెనక దాక్కుంటుంది. నాకు ఆ పరీక్ష చేయలేదు. ఇప్పుడు మళ్లీ ప్లస్ ఒకటింపావు ఉంది, మాత్రల అట్ట మీద తేదీ చదవాలంటే చెయ్యి చాచాల్సిందే.

మళ్లీ స్టెరాయిడ్ చుక్కలు మొదలుపెట్టారు. వాటివల్ల కంటి ప్రెషర్ పెరగొచ్చని వెళ్లినప్పుడల్లా అదీ చూస్తున్నారు. మసక కొంచెం తగ్గింది. మళ్లీ లేజర్ మాట ఏడాది తర్వాతేనట.

అన్నట్టు, పాత ఆసుపత్రి ప్యాకేజీలో 'ఏడాదిపాటు ఉచిత చెకప్' అని ఉంది. మొన్న వెళ్తే ఓపీ ఫీజు 500 కట్టించుకున్నారు.