కుటుంబంతో గుహ చూడబోతున్నారా? ముందు మెట్లు లెక్కపెట్టండి

ఫొటోల్లో ఏ గుహైనా అందంగానే కనిపిస్తుంది. ఫొటో చూసి టికెట్ కొన్నాక సగం దారిలో మోకాళ్లు పట్టుకుని కూలబడేది ఇంట్లోని పెద్దవాళ్లు, చంకెక్కేది చంటివాళ్లు. అందుకే మెట్లెన్నో, దిగిన దారినే మళ్లీ ఎక్కాలో, మధ్యలో వెనక్కి వచ్చే వీలుందో లేదో ముందే కనుక్కోవాలి.

ఈ లెక్కన మూడు తరాలవాళ్లు కలిసి వెళ్లడానికి స్లొవేనియాలోని పోస్టోయ్నాకే మా మొదటి ఓటు. లోపలికి రైలు ఉంది, 1872 నుంచీ ఉంది. అది ఎక్కితే నడవాల్సింది దాదాపు కిలోమీటరున్నర, మొత్తం గంటన్నర పని. లోపల 10 డిగ్రీలే. పైకప్పు లేని రైలు కాబట్టి చలిగాలి ముఖానికి కొడుతుంది, పిల్లల చెవులు కప్పండి. కొన్నిచోట్ల రాయి తలకు బాగా దగ్గరగా వస్తుంది, చేతులు బయటపెట్టనివ్వకండి.

ఆస్ట్రియాలో వెర్ఫెన్ కొండమీది మంచుగుహ ఐస్‌రీజెన్‌వెల్ట్ దీనికి పూర్తిగా భిన్నం. 42 కిలోమీటర్ల గుహలో చూపించేది మొదటి కిలోమీటరే, కానీ 700 మెట్లు ఎక్కి అన్నీ దిగాలి. నడి వేసవిలోనూ లోపల సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. కేబుల్ కారు, దానికి అటూఇటూ ఎత్తు నడక కలుపుకుంటే సగం రోజు అయిపోతుంది. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు ఇంతకంటే గొప్ప అనుభవం దొరకదు, చిన్నపిల్లలతో మాత్రం వద్దు.

అమెరికాలో షెనండోవా కొండలకు వెళ్లేవాళ్లకు లూరే గుహ నయం. మెట్లు లేని ప్రవేశద్వారం ఉంది, సుమారు 2 కిలోమీటర్ల గట్టి బాట ఉంది. వాలు తగులుతుంది కాబట్టి స్ట్రోలర్ తోసేవాళ్లు కాస్త బలంగా ఉండాలి. పైనుంచి ఊడల్లా దిగిన రాళ్లను రబ్బరు సుత్తులతో మీటే ఆర్గన్ అనే వాయిద్యం దగ్గర పిల్లలు కదలరు, అక్కడ సమయం మిగుల్చుకోండి.

కెంటకీలోని మామత్ కేవ్‌లో గుహను కాదు, టూర్‌ను ఎంచుకోవాలి. ఫ్రోజెన్ నయాగరా టూర్‌లో తప్పనిసరి మెట్లు 12. డోమ్స్ అండ్ డ్రిప్‌స్టోన్స్‌లో 500, అందులో 280 దాకా మొదట్లోనే దిగాలి. ఒకే గుహలో ఇంత తేడా! స్ట్రోలర్లనూ వీపున మోసే బేబీ క్యారియర్లనూ రానివ్వరు. వీపున కూర్చున్న బిడ్డ తల మోసేవాళ్ల తలకంటే ఎత్తులో ఉంటుంది, పైకప్పు దిగిన చోట తగిలేది బిడ్డకే. ముందు కట్టుకునే గుడ్డ క్యారియరే మేలు.

న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్‌లో సుమారు 230 మీటర్లు దిగే లిఫ్ట్ ఉంది. దాన్ని నమ్ముకుని వెళ్లేవాళ్లు ఆ ఉదయం అది నడుస్తోందో లేదో కనుక్కుని బయల్దేరాలి.

గుహ లోపలి వేడిమి సాధారణంగా ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. ఎండలో చెమట పట్టిన పిల్లలకు పావుగంటలో వణుకు పుడుతుంది, పల్చటి జాకెట్ చేతిలో ఉండాలి. తడి రాతిమీద చెప్పులు జారతాయి, పట్టున్న రబ్బరు అడుగు బూట్లే వేయించండి. బయటికొచ్చాక చల్లబడ్డ లెన్సుమీద వేడిగాలి తగిలి ఆవిరి కమ్ముతుంది. కెమెరాను కాసేపు సంచిలోనే ఉంచండి. చాలాచోట్ల గైడు ఒక్క నిమిషం దీపాలన్నీ ఆర్పేస్తాడు. పసిపిల్లలకు ముందే చెప్పి చేయి పట్టుకోండి.

గుహను బాగా చూసుకుంటున్నారో లేదో దీపాల చుట్టూ చూస్తే తెలుస్తుంది. రాయి పచ్చగా పాచిపట్టి ఉంటే దీపాలు అవసరానికి మించి వెలుగుతున్నాయన్నమాట. జనం లేనప్పుడు దీపాలు ఆర్పే గుహకు మేం ఎక్కువ మార్కులేస్తాం. రాళ్లను ముట్టుకోనివ్వని గైడుకూ అంతే. చేతి జిడ్డు అంటిన చోట సున్నపు నీరు నిలవదు, ఊడ ఎదుగుదల ఆగిపోతుంది.

ఒకే ప్రయాణంలో రెండు గుహలు చూస్తే మొదటిదానిలో వేసుకున్న బూట్లు, బట్టలు రెండోదానికి వేసుకెళ్లకండి. ఉత్తర అమెరికాలో గబ్బిలాలను చంపుతున్న వైట్ నోస్ అనే శిలీంధ్రపు జబ్బు మట్టి వెంట కూడా ప్రయాణిస్తుంది. మామత్ కేవ్‌లో టూర్ ముగియగానే అందరినీ బూట్లు శుద్ధి చేసే మ్యాట్ల మీదుగా నడిపించేది అందుకే.