పోలీసు కేసా, గృహహింస చట్టమా?

కావలిలో మా పక్కింటి అక్క ఓ రాత్రి వాచిన చేత్తో పాప స్కూల్ బ్యాగ్ పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. అలాంటప్పుడు 112కే ఫోన్ చేయాలి, ప్రాణం ముందు. అసలు ప్రశ్న తెల్లారాక మొదలవుతుంది.

స్టేషన్‌లో భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం)లో భర్త క్రూరత్వం మీద ఉన్న 85వ సెక్షన్ కింద కేసు పెడితే భర్తకు 3 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. కానీ తలదాచుకునే చోటు, పిల్లల ఖర్చు దాంతో తేలవు. 2005 గృహహింస చట్టం కిందైతే రక్షణాధికారి (ఈ చట్టం కింద బాధితులకు సాయపడే అధికారి) ద్వారా మేజిస్ట్రేట్‌ను అదే ఇంట్లో ఉండే హక్కు, భరణం, మళ్లీ హింసించకూడదనే రక్షణ ఆర్డర్ అడగొచ్చు. రక్షణ ఆర్డర్‌ను మీరితే నేరమే, అప్పుడు మళ్లీ పోలీసులే రావాలి. తొలి విచారణ నుంచి 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా ఆలస్యాలు తప్పవు. అయినా పిల్లలున్న ఆడవాళ్లని ముందు ఇదే అడగమంటాను.

రెండూ ఒకేసారి పెట్టుకోవచ్చు. ఆ మాట అక్కకు స్టేషన్‌లో ఎవరూ చెప్పలేదు.